పగలు చెప్పిన కోడిపుంజు కథ

రాండి నాయనా, ఇట్ల దగ్గరికి జరిగి కూసోండి. ఆ చాప ఈ పక్కకి లాక్కోండి, ఆడ ఎండ పడతా ఉండాది. గొంతెత్తి చెప్పే వయసు కాదు నాది, గొంతెత్తి చెప్పే సంగతీ కాదిది. ఒకటే అడుగుతా. నేను చెప్తా ఉంటే నడమ నడమ ఊ కొట్టండి. ఊ కొట్టే మనిషి లేకుంటే నాకు మాట ముందుకి పోదు. మా అవ్వ నాకట్ల అలవాటు చేసి పోయింది.

పుత్తూరు నుంచి చిత్తూరు పోయే దారిలో మామిడి తోటల నడమ మా ఊరు. నా పేరు మునెమ్మ. ఆ ఎండాకాలం ఇంట్లో ఉండింది నలుగురం. నేను, నా కొడుకు నరేంద్ర, కోడలు జాహ్నవి, కూతురి బిడ్డ రూపశ్రీ. నా కూతురు పల్లవి దూరంగా శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పనికి పోతాది. బడికి సెలవులిస్తానే బిడ్డని నా దగ్గర దించేసి, బస్సెక్కేటప్పుడు వెనక్కి తిరిగి సూడకుండా పోతాది. సూస్తే పోలేదు గదా, అందుకు. రూపకి ఎనిమిదేండ్లు. నరేంద్రకి పిలకాయలు లేరు. అందుకో ఏమో, మేనకోడలు వచ్చిందంటే వాడు వీధి మొగదాల నుంచే ట్రాక్టరు హారను కొట్టుకుంటా వచ్చేవాడు.

మీకు తెలియంది కాదు, ఇప్పుడు పిలకాయలకి కథలు ఫోన్లో వస్తా ఉండాయి. సినిమా అంత పొడుగు కాదు. నోట్లో వేసుకున్న బెల్లం ముక్క కరిగే లోపల ఒకటి అయిపోతాది. ఒక కుందేలుంటాది. దానికొక గొడుగుంటాది. గొడుగు గాలికి ఎగిరిపోతాది. టక్కున ఆగిపోతాది. మిగిలింది రేపంట! మా వీధిలో ఏ ఇంట్లో తొంగి సూసినా అదే కుందేలు, అదే గొడుగు. అంతకు ముందు ఈ వీధి పిలకాయలంతా సందకాడ నా తిన్నె మీదికి ఎక్కి, "అవ్వా, కథ" అని కొంగు పట్టి లాగేవాళ్ళు. ఒక ఏడు వచ్చినోళ్ళు మరుసటేడు రాలా. నాకు కోపం రాలా, నిజం చెప్తా. నేనూ ఒకనాడు రూప పక్కన చేరి సూసినా. గొడుగు ఎగిరిపోయేటప్పటికి నా నోట్లో నుంచే "అయ్యో, ఆ తర్వాత?" అని వచ్చేసింది.

రూప పడి పడి నవ్వింది. "సూసినావా అవ్వా, నీకూ పట్టుకునింది!"

"పట్టుకునింది లేవే. అయినా నేను ఊ కొడితే ఆ కుందేలుకి యినపడదు గదా."

ఈ మాట వంటింట్లో నుంచి జాహ్నవి యినింది. పెండ్లికి ముందు ఆయమ్మ తిరుపతిలో ఒక ఫోటో స్టుడియోలో పని చేసింది. పెండ్లి వీడియోలు కత్తిరించి అతికించే పని. ఈడికి వచ్చినాక ఆ చేతులకి పని లేకుండా పోయింది. సంగటి కెలికే తెడ్డు చేత్తోనే బయటికి వచ్చి నిలబడింది.

"అత్తా, నీ కథే ఇట్ల ముక్కలు ముక్కలు చేసి పెడితే ఎట్లుంటాది?"

"కథని ముక్కలు చేస్తే అది బతుకుతాదా మేయ్?"

"నువ్వు మాత్రం? నిద్దరొస్తా ఉండాదని రోజూ నడమలో ఆపేసే దానివి కాదా?"

అన్నం తింటా ఉండిన నరేంద్ర పక్కున నవ్వినాడు. "అది నిజమే మా. ఆ ఏనుగు పెండ్లి కథ నాకు నువ్వింకా ముగించలా. నాకు ముప్పై దాటిపాయె."

అట్ల మొదలైంది. మొదలైన చోటే ఒక చిక్కు వచ్చి పడింది. ఫోన్లో బాగా పడాలంటే వెలుతురు కావాల. మా ఇంట్లో రాత్రి పూట ఉండేది గుడ్డి బల్బు. అందుకని మద్యానం చెప్పమనింది జాహ్నవి.

"పగలా!" అన్నా నేను. "పగలు కథ చెప్తే మేనమామ దారి తప్పుతాడు."

మా అవ్వ చెప్పిన మాట అది. మీ ఇండ్లల్లో కూడా అనుంటారు. పగలు పనులు మానేసి కథలకి కూసుంటారని పెద్దోళ్ళు పెట్టిన బెదిరింపు అని ఇప్పుడు అంటారు గానీ, నేను అట్ల ఎప్పుడూ అనుకోలా. మా మేనమామలు తమిళనాడు సంతలకి ఎద్దులు తోలేవాళ్ళు. వాళ్ళు తిరిగొచ్చిందాకా పగలు మా ఇంట్లో ఎవరూ కథ ఎత్తేవాళ్ళు కాదు.

రూప ఇంత కండ్లు చేసుకోని సూసింది. "మామ దగ్గిర ఫోన్లో మ్యాపుండాది గదవ్వా. ఎట్ల తప్పుతాడు?"

నరేంద్ర చెయ్యి కడుక్కుంటా అన్నాడు, "తప్పితే తప్పినాను పో మా. మా రూపమ్మ గొంతు ఊరికెల్లా పెద్దది. అది ఊ అంటే చాలు, ఆ సద్దు పట్టుకోని ఇంటికి వచ్చేస్తా."

అయినా నాకు మనసొప్పలా. కడాకు నేనే ఒక ఉపాయం తీసినా. తలుపు ఒక రెక్క మూసి, నా వెనక గోడలో ఉండే గూట్లో ప్రమిద పెట్టి దీపం ముట్టిస్తా. దీపం ముట్టించినాక అది రాత్రే గదా! ఎవరు కాదంటారు? జాహ్నవి తల కొట్టుకునింది. రూపకి మాత్రం తెగ నచ్చింది. దీపం వెలగతానే చేతులు నోటికి అడ్డం పెట్టుకోని, "రాత్రయిందో! అందురూ కథకి రాండో!" అని అరిచి, కీచురాయి మాదిరి కీ... కీ... అని కూసేది. పక్కింటి మునిరామయ్య గోడ మీద నుంచి తల పెట్టి, "ఏం మునెమ్మక్కా, మీ ఇంట్లో పొద్దు మా ఇంటికంటే ముందే గుంకుతా ఉండాదే!" అని ఎగతాళి పట్టించేవాడు.

"నీకు మాత్రం పొద్దు పొడిచిందెప్పుడప్పా, పదింటికి లేస్తావు," అనేదాన్ని.

నేను ఎత్తుకునింది ఎర్ర కోడిపుంజు కథ. ఒకనాటి పొద్దన పుంజు నోరు తెరిస్తే కూత రాలా. కూత యాడికో పోయింది. అది ఇల్లిల్లూ తిరిగి, "నా కూత సూసినారా?" అని అడగతాది. గాడిద జాలిపడి తన కూత ఇస్తాది. తెల్లారి పుంజు గోడెక్కి ఓండ్రపెట్టేటప్పటికి, చాకలాయన వచ్చినాడని ఊరంతా మైల గుడ్డల మూటలు తెచ్చి వీధిలో పడేస్తారు. కప్ప తన కూత ఇస్తాది. వాన వస్తా ఉండాదని ఆడోళ్ళంతా బిందెలు తెచ్చి చూరు కింద పెట్టుకుంటారు. రూప నా ఎదురుగా కూసోని ఊ కొట్టేది. ఊ అంటే ఒకటే ఊ కాదు దానిది. భయం ఊ వేరే, నవ్వు ఊ వేరే, "నన్ను మోసం చేస్తా ఉండావు అవ్వా" అనే ఊ ఇంకొకటి. జాహ్నవి మొదట్లో ఆ ఊలన్నీ కత్తిరించి పారేసింది. సూస్తే నేను ఒంటరిగా గోడతో మాట్లాడే పిచ్చిదాని మాదిరి ఉండా. మళ్ళా అన్నీ తెచ్చి అతికించింది. ఆ ఊలకే పిలకాయలు పడిపోయినారు. యాడుండే పిలకాయలో ఫోను ముందర కూసోని రూపతో పాటు ఊ కొడతా ఉండారంట.

ఒకనాడు నరేంద్ర ఏమీ తెలియకుండా నడమలో లోపలికి వచ్చి, "మా, తాళం యాడ పెట్టినావు?" అన్నాడు. "మామా! అడ్డం!" అని రూప కీకపెట్టింది. వాడు దొంగ మాదిరి తల దించుకోని, నాలిక కరుచుకోని, వంగి వంగి బయటికి పోయినాడు. జాహ్నవి దాన్ని కత్తిరించకుండా అట్లనే పెట్టేసింది. అన్నిటికంటే అదే ఎక్కువ మంది సూసినారంట. కాయలు దించను తిరుపతి మార్కెట్టుకి పోతే, "ఏమప్పా, తాళం దొరికిందా?" అని అడిగినారని వాడు ఇంటికొచ్చి చెప్పి చెప్పి నవ్వినాడు. నన్నూ అంతే. పుత్తూరు బస్సులో కండక్టరు, "కోడిపుంజు అవ్వా, ముందుకి రా, సీటుండాది," అన్నాడు. నేను కొంగు సర్దుకున్నా. గర్వం అనుకోండి, ఏమన్నా అనుకోండి.

మామిడి కోతలు ముమ్మరం అయినాయి. ఆ ఏడు కాయ ఎక్కువ, కొనే గుజ్జు ఫ్యాక్టరీలు తక్కువ. ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్లు, లారీలు కిలోమీటర్ల పొడుగున నిలబడినాయి. కాయలు దించేదానికి పోయిన మొగోళ్ళు బండి కిందనే పండుకోని, బండి కిందనే తిని, నా కాయ మెత్తబడతా ఉండాది సామీ అని గేటు కాడ బతిమలాడుకుంటా ఉండారు. నరేంద్ర పోయి లైన్లో పడినాడు. జాహ్నవి ఫోను చేస్తే, "ఇంకా చింతమాను కాడనే ఉండా," అనేవాడు. మరుసటి రోజు చేస్తే, "చింతమాను దాటినా," అనేవాడు. అంతే కదిలింది.

ఆ దినం పొద్దన ఫోను వచ్చింది. "దించేసినా. మద్యానానికి ఇంట్లో ఉంటా. రూపమ్మకి చెప్పు, పనసకాయ తెస్తా ఉండా."

మేము అన్నాలు తినకుండా వాడి కోసరం ఆగినాము. ఊరికే కూసోడం ఎందుకని జాహ్నవి ఫోను ఎత్తుకునింది. నేను తలుపు రెక్క మూసి, దీపం ముట్టించి, వచ్చి కూసున్నా. రూప, "రాత్రయిందో!" అనింది గానీ కొంచెం నిదానంగా అనింది. అది నేను తర్వాత తలుచుకున్నా. కథలో పుంజు అలిసిపోయి తన గూటికి తిరిగొస్తాది. గూటి కాడికి రాగానే లోపల నుంచి కూత యినపడతాది. అచ్చం దాని కూతే! ఎవరు లోపల? నేను ఆడ ఆపినా. రూప ఊ అనలా. "ఎవరవ్వా?" అనింది, ఉండబట్టలేక. జాహ్నవి నవ్వి, "ముఖం ఈ పొద్దు ఎంత బాగా పడిందో సూడత్తా!" అని ఫోను నా ముందర పెట్టి, అప్పుడే అందురూ సూసేదానికి ఎక్కించేసింది. నేను లేచి వెనక గోడ గూటి పక్క తిరిగితే దీపం ఆరిపోయి ఉండాది. గాలికి ఆరిందేమో అనుకున్నా.

గాలి లేదు ఆ దినం.

మద్యానం పోయింది. ఫోను చేస్తే మోగతా ఉండాది, ఎత్తేది లేదు. మూడో నాలుగో అయినప్పుడు మునిరామయ్య వాకిట్లోకి వచ్చినాడు. గోడ మీద నుంచి మాట్లాడే మనిషి, ఆ పొద్దు నడిచి గేటు తీసుకోని వచ్చినాడు. చెప్పులు విడిచినాడు. వాకిట్లో ఎవరూ చెప్పులు విడవరు గదా. అది సూసినప్పుడే నాకు సంగతి తెలిసిపోయింది.

నేను దాని గురించి ఎక్కువ చెప్పను. బిడ్డ ముందు పోవడం అంటే ఏమిటో తెలిసినోళ్ళకి చెప్పక్కరలేదు, తెలియనోళ్ళకి తెలియకుండానే ఉండనీ. కార్వేటినగరం దాటినాక మలుపులో ఎదురుగా వచ్చిన లారీ ట్రాక్టరుని కొట్టింది. పనసకాయకి ఏమీ కాలా. దాన్ని ఎవరో తెచ్చి మా తిన్నె మీద పెట్టినారు. అది ఆడనే పండి, ఇల్లంతా వాసన కొట్టింది. ఎవరూ కోయలా.

దినాలు అయిపోయినాయి. చుట్టాలు వెళ్ళిపోయినారు. ఇంట్లో మాట అనేది లేదు. జాహ్నవి ఒక మూల గోడకి ఆనుకోని ఫోను పెట్టుకుంటాది. "మా, తాళం యాడ పెట్టినావు?" "మామా! అడ్డం!" మళ్ళా మొదట్నుంచి. "మా, తాళం యాడ పెట్టినావు?" నేను వంటింట్లో పప్పు కడుగుతా ఉంటే ఆ మాట యినపడేది. ఒకసారి "ఈడనే ఉండాది నాయనా" అని పైకే అనేసినా. ఫోనుకి ఊరు ఊరు నుంచీ పిలకాయల మాటలు వస్తా ఉండాయి, గూట్లో ఎవరు, దొంగ ఎవరు, నక్కనా, పిల్లినా, ఎప్పుడు చెప్తావు అవ్వా అని. వాళ్ళకేం తెలుసు. జాహ్నవి దేనికీ జవాబు పెట్టలా.

రూప ఇంకా ఘోరం. మాట్లాడితే మాట్లాడింది, లేకుంటే లేదు. నీళ్ళు తెమ్మంటే తెస్తాది. తినమంటే తింటాది. ఊ మాత్రం అనదు. ఎవరేం చెప్పినా తల ఊపుతాదే గానీ నోట్లో నుంచి ఆ ఊ రాదు. రోజూ మద్యానం అయితానే స్టూలెక్కి, గూట్లో ప్రమిదలో నూనె పోసి దీపం పెడతాది. అది కొండెక్కకుండా కనిపెట్టుకోని ఆడనే గోడకి చేరగిలబడి కూసుంటాది. మామ కోసరం పెడతా ఉండాదని మేమనుకున్నాము. పల్లవి వచ్చి, "బిడ్డని తీసుకోని పోతా మా, ఈడుంటే ఇట్లనే అయిపోతాది," అనింది. బట్టలు సర్దింది. రూప గూటి కింద నుంచి లేవలా. చెయ్యి పట్టి లాగితే గోడని పట్టుకునింది. గోడని ఎట్ల పట్టుకుంటారు, చెప్పండి? గోళ్ళల్లో సున్నం దిగింది. పల్లవి సంచీ కింద పెట్టేసి ఏడ్చి, ఒంటిగానే బస్సెక్కింది.

నాకు మాత్రం లోపల, మేనమామ దారి తప్పుతాడనే ఆ పాత మాట తిరగతా లేదా? తిరగతానే ఉండింది. పైకి అంటే నిజం అయిపోతాదని అనలా.

ఒకనాడు ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు వాకిట్లో ఒక మనిషి వచ్చి నిలబడినాడు. నలబై ఏండ్లుంటాయి. ఎడమ చెయ్యి కట్టు కట్టి మెడకి తగిలించుకోని ఉండాడు. గడ్డం మాసిపోయింది. తల ఎత్తలా.

"అమ్మా, నా పేరు పాల్. ఆ లారీ నాదే. నేనే తోలింది."

నేను తిన్నె మీద చింతపండు గింజలు తీస్తా ఉండా. చెయ్యి ఆగిపోయింది. లోపల ఫోనులో నరేంద్ర మాట కూడా ఆగిపోయింది.

"బెయిలు మీద వచ్చినా. ఆ ఇంటికి పోవద్దురా, కొడతారు అన్నారు అందురూ. కొడితే కొట్టండి. ఒక మాట చెప్పకపోతే నాకు అన్నం దిగడం లేదు." వాడు నేల చూపులు సూస్తానే చెప్పినాడు. "మీ కొడుకు రోడ్డులో తన పక్కన తాను వస్తా ఉండాడమ్మా. నిదానంగానే వస్తా ఉండాడు. కేసులో ఎట్ల రాసుకుంటారో నాకు తెలీదు గానీ, ఆయన దారి తప్పలా. తప్పింది నేనే. ఫ్యాక్టరీ కాడ లైన్లో కన్ను మూయకుండా ఉండి ఉండి, ఆడ కాదు ఇంకో ఫ్యాక్టరీకి పోండని పంపిస్తే బండి తీసుకోని వస్తా ఉండా. మలుపు కాడ కండ్లు మూతలు పడినాయి. నేనే దారి తప్పిపోతి."

జాహ్నవి తలుపు కాడికి వచ్చింది. ఏమంటాదో అని నేను బిక్కచచ్చి సూస్తా ఉండా. ఆయమ్మ తలుపు రెక్కని గట్టిగా పట్టుకోని నిలబడింది.

నేను లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి ముందర పెట్టినా. ఎందుకు పెట్టినానో నన్ను అడగొద్దండి. ఎండలో వచ్చినోడికి నీళ్ళు పెట్టడం చేతులకి అలవాటు. వాడు అప్పుడు తల ఎత్తి నా ముఖం సూసినాడు. సూసి, అట్లనే సూస్తా ఉండిపోయినాడు.

"మీరు... కోడిపుంజు అవ్వ గదా?" అన్నాడు. ఆ మాటతో వాడి ముఖం చిత్తుకాగితం మాదిరి నలిగిపోయింది. "అయ్యో దేవా. మా పాప... మా పాప రోజూ అడగతా ఉండాది, కోడికి ఏమాయ నాయనా అని."

అప్పుడు లోపల నుంచి రూప వచ్చింది. నా వెనక నుంచి వచ్చి, వాడి ఎదురుగా పోయి నిలబడింది. ఇన్ని దినాలుగా గొంతు వాడలేదేమో, మాట గీరుకోని వచ్చింది.

"నీకు మేనకోడలు ఉండాదా?"

వాడికి అర్థం కాలా. "ఏమి పాపా?"

"మేనకోడలు. వాళ్ళవ్వ ఆ పాపకి పగలు కథ చెప్పిందా? దీపం లేకుండా?"

పాల్ నన్ను సూసినాడు, జాహ్నవిని సూసినాడు. ఇన్ని దినాలూ ఆ గూటి కింద బిడ్డ మోస్తా ఉండింది ఏమిటో నాకప్పుడు తెలిసింది.

"నాకు మేనకోడలు యాడిది పాపా," అన్నాడు వాడు. "అక్కా లేదు, చెల్లీ లేదు. మా అమ్మకి నేనొక్కణ్ణే."

"ఎవరూ లేరా?"

"ఎవరూ లేరు."

"ఎవరూ కథ చెప్పలా?"

"ఎవరూ చెప్పలా తల్లీ. నిద్దర లేదు, అంతే."

రూప వాడి ముఖం వైపు చానాసేపు సూసింది. అబద్ధం చెప్తా ఉండాడేమో అని పిలకాయలు సూస్తారే, అట్ల. తర్వాత లోపలికి పోయింది. స్టూలు లాగిన సద్దు యినపడింది. నేను తిరిగి సూస్తే, గూటి కాడ నిలబడి ఆ దీపాన్ని సూస్తా ఉండాది. పెదవులు ముడిచి ఉఫ్ అని ఊదింది. పొగ పైకి పోయింది.

స్టూలు మీద నుంచే చెప్పింది. "ఆ దినం కూడా నేనే ఆర్పినా అవ్వా. వెనక దీపం ఉంటే నీ ముఖం నల్లగా పడతా ఉండాదని ఫోన్లో అందురూ అంటా ఉండారు. నీ ముఖం బాగా పడాలని ఆర్పినా."

నేను పోయి దాన్ని దించుకున్నా. దాని చెంప నా భుజానికి తగిలితే వేడిగా ఉండాది. "యినింటివి గదే," అన్నా. "నీ మామ దారి తప్పలా." ఇంకేం చెప్పాలో నాకు తెలీలా. చెప్పింది వాడు, నేను కాదు. ఆ మాట తప్ప ఆ పొద్దు మా ఇంట్లోకి వచ్చిన మంచి ఏదీ లేదు. అది తెచ్చినోడు ఎవరో తెలిసీ నేను దాన్ని తీసుకున్నా.

పాల్ నీళ్ళు తాగలా. చెంబు పట్టుకోని నిలబడినాడు. పోతానన్నాడు. "ఉండు," అన్నా నేను. "మీ పాపకి ఏమని చెప్తావు పోయి?"

తలుపు రెండు రెక్కలూ తీసినా. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. రూపని తిన్నె మీద కూసోబెట్టుకోని, నడి మద్యానం, దీపం లేకుండా, ఎత్తుకున్నా.

"పుంజు గూటి కాడికి వచ్చింది."

ఊ లేదు.

"లోపల కూత యినపడింది. దాని కూతే."

ఊ లేదు. రూప నోరు తెరిచింది గానీ రాలా. నాకు కూడా ఆడనే ఆగిపోయింది. ముందుకి పోను తెలీలా. ఈగ ఒకటి చింతపండు మీద వాలి లేస్తా ఉండాది. మునిరామయ్య గోడ అవతల నిలబడి ఉండాడు, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఊ," అని యినపడింది.

తలుపు కాడ నుంచి. జాహ్నవి. గొంతు కాదు అది, ఊపిరి. తలుపు రెక్క విడవకుండానే అనింది.

"పుంజు సందులో నుంచి తొంగి సూసింది," అన్నా. "నక్క లేదు, పిల్లి లేదు. దాని బిడ్డే ఉండాది. ఇంకా తోక ఈకలు కూడా సరిగ్గా రాని బిడ్డ. అది మెడ సాచి కూస్తా ఉండాది."

"ఊ," అనింది రూప. చిన్నగా. ఏ ఊనో నాకు తెలీలా, అది కొత్త ఊ.

"పుంజు పోయి, నా కూత నాకియ్యి అని అడిగిందా? అడగలా. పక్కన పోయి కూసునింది. బిడ్డ కూస్తా ఉంటే, అది తల ఊపుకుంటా యినింది. కూత అయిపోయినాక ఒక మాట అనింది."

"ఏమనింది అవ్వా?"

"ఊ, అనింది. ఇంకొకసారి కూయి, అనింది."

అంతే కథ. పాల్ చెంబులో నీళ్ళు అప్పుడు తాగినాడు. తాగి, చెంబు బోర్లించి పెట్టి, ఎండలోకి పోయినాడు. నేను వాణ్ణి మన్నించినానా అని ఊర్లో అడిగినారు. నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. నీళ్ళిచ్చినా, కథ చెప్పినా, అంతే.

వాడు పోయినాక జాహ్నవి నా పక్కన వచ్చి కూసునింది. "అత్తా, నేను తీయలా," అనింది. ఈ కథ ఫోన్లో పట్టలేదని. "మళ్ళా చెప్తావా?"

"రేపు చెప్తాలే. వెలుతురు బాగుంటాది."

మరుసటి రోజు చెప్పినా. దీపం పెట్టలా, తలుపు మూయలా. కడాన ఊ కొట్టింది రూపే. జాహ్నవి అది కత్తిరించకుండా పెట్టింది. బడి తెరిచేనాటికి పల్లవి వచ్చి బిడ్డని తీసుకోని పోయింది. ఈసారి బస్సెక్కి ఇద్దురూ వెనక్కి తిరిగి సూసినారు. ఇప్పుడు నేను కొత్త కథ ఎత్తుకుంటే రూప ఆడ నుంచి ఫోన్లోనే ఊ కొడతాది. జాహ్నవి అది తెచ్చి అతికిస్తాది. కోడలు నన్ను విడిచి పుట్టింటికి పోలా. ఉండమని నేనడగలా. ఆ తాళం మాట మాత్రం ఒక్కోనాడు ఇప్పటికీ గదిలో నుంచి యినపడతాది. యినపడితే నేను పని ఆపి యింటా.

మీరు ఇందాకట్నుంచి నాకు ఊ కొడతానే ఉండారు, సంతోషం నాయనా. ఇంక ఈ కథ మీది. మీ పిలకాయలకి చెప్పండి. ఫోన్లో చెప్తారో, ఒళ్ళో కూసోబెట్టుకోని చెప్తారో మీ ఇష్టం. రాత్రికని ఆగొద్దండి, పగలే చెప్పండి. మేనమామ దారి తప్పుతాడని ఎవరైనా అడ్డం వస్తే, పుత్తూరు పక్క మునెమ్మ కొడుకు నరేంద్ర అని ఒకడుండినాడు అనండి. వాళ్ళమ్మ పగలు కథ చెప్పింది, వాడి మేనకోడలు దీపం ఆర్పింది, అయినా వాడు దారి తప్పలా అనండి. మిగిలింది మరిచిపోయినా పోనీ. ఆ ఒక్క మాట మాత్రం విడిచిపెట్టకుండా చెప్పండి.